పొరుగువాని దగ్గర తేలే నీతి

లూకా సువార్త 10వ అధ్యాయంలో ఒక ధర్మశాస్త్రోపదేశకుడు యేసును రెండు ప్రశ్నలు అడుగుతాడు. నిత్యజీవానికి వారసుణ్ణి కావాలంటే ఏం చేయాలన్నది మొదటిది. జవాబు అతనికే తెలుసు. దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించాలి, పొరుగువాణ్ణి తనలాగే ప్రేమించాలి. సరిగ్గా చెప్పావు, అలాగే చెయ్యి అన్నాడు యేసు. మాట అక్కడితో ముగియవలసింది. కానీ అతడు "తాను నీతిమంతుడైనట్టు కనబరచుకొనగోరి" ఇంకో ప్రశ్న వేశాడు: నా పొరుగువాడెవడు?

చిక్కంతా ఆ చిన్న వాక్యంలోనే ఉంది. పొరుగువాడంటే ఎవరో ముందే గిరి గీసుకుంటే, ఆ గిరి లోపల ఎవరైనా నీతిమంతుడిగానే కనబడవచ్చు. మన వాళ్ళు, మన సంఘం, మన కులం, మన ఊరు అనుకుంటూ గిరి ఎంత చిన్నదైతే నీతి అంత తేలిక. యేసు ఆ గిరి గీయడానికి ఒప్పుకోలేదు. అందుకే ఈ విషయాన్ని మంచితనం గురించిన ఉపదేశంగా తీసుకుంటే సరిపోదు. క్రైస్తవ నీతి అంటే ఏమిటి, అది ఉందని దేన్నిబట్టి చెప్పాలి అన్న అసలు ప్రశ్న ఇక్కడే తేలాలి.

కొలత వేరు, వెల వేరు

తెలుగు సంఘాల్లో రెండు వాక్యాలు పక్కపక్కనే వినిపిస్తాయి. ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే మనుషులు నీతిమంతులుగా తీర్చబడతారని రోమా 3:28 అంటుంది. విశ్వాసం వల్ల మాత్రమే కాక క్రియల వల్ల కూడా మనిషి నీతిమంతుడని ఎంచబడతాడని యాకోబు 2:24 అంటుంది. మొదటిదాన్నే పట్టుకున్నవాళ్ళు పొరుగువాడి సంగతిని ఉంటే మంచిది, లేకపోతే లేదు అన్న స్థాయికి దించేస్తారు. రెండోదాన్నే పట్టుకున్నవాళ్ళు దానధర్మాలను పుణ్యం ఖాతాలో జమ వేసుకుంటారు. ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే. కొలతకూ వెలకూ తేడా చూడరు. థర్మామీటరు జ్వరం ఎంతుందో చూపిస్తుంది, జ్వరాన్ని తగ్గించదు. తగ్గించదు కదా అని పారేస్తే జ్వరం ఉందో లేదో తెలిసే దారి పోతుంది. పొరుగువాని ప్రేమ కూడా అంతే. దానితో నీతిని కొనుక్కోలేం, కానీ నీతి ఉందో లేదో అది లేకుండా తెలియదు.

మొదటి వాక్యం రాసిన పౌలు, రెండోది రాసిన యాకోబు ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు. అయితే అతని జీవితంలో చెరో చోట నిలబడి మాట్లాడతారు. పౌలు చూసేది ఆదికాండము 15:6. అక్కడ అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. సున్నతి ఆజ్ఞ వచ్చేది 17వ అధ్యాయంలో. కాబట్టి అన్యజనులైన విశ్వాసులు సున్నతి పొందితే తప్ప లోపలికి రాకూడదన్నవాళ్ళకు ఆ క్రమమే జవాబు. యాకోబు చూసేది 22వ అధ్యాయం, అంటే ఎన్నో ఏళ్ళ తర్వాత అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద ఉంచిన రోజు. ఆయన ఎదుట ఉన్నవాళ్ళు సున్నతి గురించి వాదించేవాళ్ళు కారు. బట్టా తిండీ లేని సహోదరుణ్ణి చూసి, వెళ్ళు, చలి కాచుకో, తృప్తి పొందు అని చెప్పి పంపేసేవాళ్ళు. లోపలికి ఎలా రావాలన్నది పౌలు ప్రశ్న, లోపల ప్రాణం ఉందా అన్నది యాకోబు ప్రశ్న. పౌలుకు రెండో ప్రశ్న తెలియదనుకోవద్దు. "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము" అన్నది ఆయన గలతీయులకు రాసిన మాటే (5:6). ధర్మశాస్త్రమంతా పొరుగువాని ప్రేమలో నెరవేరిందని అదే అధ్యాయంలో మళ్ళీ చెబుతాడు.

ఈ వాదం మీద పశ్చిమ ఐరోపా సంఘం 16వ శతాబ్దంలో రెండుగా చీలింది. విశ్వాసం ఒక్కటే చాలునన్న మార్టిన్ లూథరే 1520లో క్రైస్తవుడి స్వాతంత్ర్యం మీద రాసిన చిన్న పుస్తకంలో రెండు ముక్కలు కలిపి చెప్పాడు. విశ్వాసం వల్ల క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడు, ప్రేమ వల్ల అందరికీ లోబడిన సేవకుడు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కతోలిక సంఘాలు ఈ అంశంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. కృప వల్లే అంగీకారం, ఆ అంగీకారం నుంచే సత్క్రియలు అన్నది అందులోని సారం. పండితుల స్థాయిలో గొడవ చాలామటుకు చల్లారింది. మన ప్రసంగవేదికల మీద మాత్రం ఇంకా రగులుతూనే ఉంది.

ఆజ్ఞకు ముందున్న వచనాలు

"నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న మాటను చాలామంది యేసు కొత్తగా చెప్పాడనుకుంటారు. అది లేవీయకాండము 19:18. ఆ వచనాన్ని ఒక్కదాన్నే తెంచి గోడ మీద రాసుకుంటాం కాబట్టి ప్రేమ మనసులో పుట్టే ఒక మెత్తదనంగా మిగిలిపోయింది. 9వ వచనం నుంచి వరుసగా చదివితే ప్రేమ అంటే ఏం చేయాలో కూలీ లెక్కతో సహా కనిపిస్తుంది.

పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అవి బీదవాళ్ళకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. ఎంత విడవాలో లేవీయకాండం చెప్పలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మసూత్రాల సంకలనం మిష్నా అరవయ్యో వంతుకు తగ్గకూడదని కనీస హద్దు పెట్టింది. ఇందులో ఇంకొకటి గమనించాలి. యజమాని కోసి, మూట కట్టి, వరుసలో నిలబెట్టి పంచడం లేదు. బీదవాడే వచ్చి కోసుకుంటాడు, ఏరుకుంటాడు. అది అతని హక్కు, యజమాని ఔదార్యం కాదు. ఎవరికివ్వాలో ఎంచుకునే అధికారం ఇచ్చేవాడి చేతిలో లేనప్పుడే పుచ్చుకునేవాడి తల వంగదు.

తర్వాత 13వ వచనం. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. ద్వితీయోపదేశకాండము 24:15 దీన్ని ఇంకా బిగిస్తుంది: పొద్దు గుంకకముందే ఇవ్వాలి, ఎందుకంటే అతడు బీదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. కూలి ఎగ్గొట్టడం గురించి వేరే ఆజ్ఞ ఎలాగూ ఉంది. ఇక్కడ నేరం ఆలస్యమే. ఆదివారం దశమభాగం ఠంచనుగా కవరులో పెట్టి, ఇంట్లో పనిచేసే ఆమెకు ఇవ్వాల్సిన జీతం పదో తారీఖుకు నెట్టే అలవాటు ఎక్కడ ఉన్నా, ఈ వచనం ముందు ఆ ఇంటి నీతి నిలవదు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదోవంతు లెక్కగట్టి ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారని మత్తయి 23:23లో యేసు గద్దించింది ఇటువంటి లెక్కనే. పదోవంతు మానేయమని ఆయన అనలేదు. న్యాయం, కనికరం, విశ్వాసం చూపాలి, పదోవంతూ మానకూడదు అన్నాడు.

14వ వచనంలో చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు. ఇద్దరికీ ఎవరు చేశారో తెలియదు. పట్టుబడే అవకాశం లేనిచోట చేసే కీడు గురించి ఇది. చదువురాని వ్యక్తితో ఖాళీ ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకోవడం ఈ జాతిదే. 15వ వచనం తీర్పు చెప్పేటప్పుడు గొప్పవాడికి మొహమాటపడవద్దంటుంది, బీదవాడి పక్షం కూడా వహించవద్దంటుంది. ప్రేమ పేరుతో అబద్ధపు తీర్పు చెప్పే దారిని ముందే మూసేసింది. 16వ వచనం చాడీలు మోయవద్దంటూనే పొరుగువాడి ప్రాణం పోతుంటే చూస్తూ నిలబడవద్దంటుంది. 17వ వచనం తప్పు చేసినవాణ్ణి మనసులో ద్వేషించకుండా ఎదురుగా గద్దించమంటుంది. వీటన్నిటి తర్వాత వస్తుంది "నిన్నువలె" అన్న ఆజ్ఞ.

అప్పుడు కూడా ధర్మశాస్త్రం ఆగలేదు. 18వ వచనంలో "నీ ప్రజలు" అన్న మాట ఉంది కదా, అంతవరకే అని ఎవరైనా అనుకుంటారేమోనని, 34వ వచనంలో అదే "నిన్నువలె" అన్న కొలతను మీ మధ్య నివసించే పరదేశికీ చాపింది, మీరు ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు కదా అన్న కారణంతో. ఒడిశా నుంచి వచ్చి తెలంగాణ ఇటుక బట్టీల్లో పనిచేసే కుటుంబాలు మన మధ్య పరదేశులే. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టి పనిచేసిన తెలుగువాళ్ళున్న ఇళ్ళకు ఆ కారణం వేరుగా వివరించనక్కర్లేదు. ఆ వెంటనే 35, 36 వచనాల్లో త్రాసులు, తూనికరాళ్ళు, కొలతలు వస్తాయి. పొరుగువాని ప్రేమ దుకాణంలో తక్కెడ దాకా వచ్చి నిలబడింది.

అప్పు వసూలుకు కూడా ఇంతే స్పష్టమైన నియమాలున్నాయి. తిరగలిని గానీ దాని పైరాయిని గానీ తాకట్టు పట్టకూడదు, అది అతని బతుకు (ద్వితీ. 24:6). తాకట్టు వస్తువు కోసం అప్పు ఇచ్చినవాడు ఇంట్లోకి వెళ్ళకూడదు, బయట నిలబడితే అప్పు తీసుకున్నవాడే తెచ్చి ఇస్తాడు (24:10-11). బీదవాడి పైబట్ట తాకట్టు పడితే పొద్దు గుంకేసరికి తిరిగివ్వాలి, అతడు అది కప్పుకుని పడుకోవాలి. "అది నీకు నీతియగును" అని అక్కడ రాసి ఉంది (24:13). నీతి అన్న మాట ఒక దుప్పటి దగ్గర వాడబడింది. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చి ఇళ్ళ ముందుకు వెళ్ళి వసూలు చేసే పద్ధతిని కట్టడి చేసేదాకా, గుమ్మం దగ్గర ఆగాలన్న ఈ పాత నియమం విలువ ఎంతో మన పల్లెల్లో ఆడవాళ్ళకు అనుభవంలోకి వచ్చింది.

ముందు బాకీ, తర్వాత బలి

పొరుగువాడికి నష్టం చేసినవాడు ఏం చేయాలన్న దగ్గర ఈ కొలత అన్నిటికంటే కచ్చితంగా ఉంటుంది. లేవీయకాండము 6:1-7 చెప్పే క్రమం ఇది. అప్పగించిన సొమ్ము విషయంలో బొంకినా, దోచినా, దొరికిన వస్తువును దాచినా, ముందు తప్పు ఒప్పుకోవాలి (ఈ మాట సంఖ్యాకాండము 5:7లో ఉంది). అసలు మొత్తం తిరిగివ్వాలి. దానికి ఐదో వంతు కలపాలి. ఇవన్నీ ఎవరి సొమ్మో వాళ్ళకే ఇచ్చిన తర్వాత అపరాధ పరిహారార్థ బలి తేవాలి. నేటి లెక్కలో పదివేలు కాజేసినవాడు పన్నెండు వేలు చేతిలో పెట్టి మరీ గుడి మెట్లెక్కాలి. నష్టపోయినవాడు చనిపోయి ఉంటే? సంఖ్యాకాండము 5:8 దానికీ దారి చూపింది. అతని దగ్గరి బంధువుకివ్వాలి. బంధువు కూడా లేకపోతేనే అది యాజకుడికి చెందుతుంది.

మన దగ్గర ఈ వరుస తలకిందులవుతుంది. పొలం గట్టు జరిపి పొరుగువాడి రెండు సెంట్లు కలుపుకున్నవాడు, తోబుట్టువు వాటా ఎగ్గొట్టినవాడు మనసు కలుక్కుమన్నప్పుడు మందిరానికి ఫ్యానో మైకుసెట్టో కానుకగా ఇస్తాడు. సంఘం ప్రార్థన చేసి పుచ్చుకుంటుంది. ధర్మశాస్త్రం ప్రకారం ఆ కానుక పుచ్చుకునే హక్కు సంఘానికి లేదు, ఎందుకంటే బాకీ ఉన్న మనిషి ఇంకా అదే ఊళ్ళో ఉన్నాడు. మత్తయి 5:23-24లో యేసు చెప్పింది ఈ క్రమాన్నే: బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి వెళ్ళి ముందు సమాధానపడు. అక్కడి మాట జాగ్రత్తగా చూడాలి. నీకు అతని మీద కోపం ఉంటే అనలేదు, అతనికి నీ మీద ఫిర్యాదు ఉంటే అన్నాడు. నా మనసు శుభ్రంగా ఉంది అన్నంత మాత్రాన ఆ ఫిర్యాదు తీరదు.

లూకా 19లోని జక్కయ్య దీనికి సరైన ఉదాహరణ. పన్ను వసూలు చేసే అతడు, యేసు తన ఇంటికి వచ్చినప్పుడు, అన్యాయంగా తీసుకున్నది తిరిగిస్తానన్నాడు. స్వచ్ఛందంగా ఒప్పుకున్నవాడికి ఐదో వంతు అదనం చాలు. అతడు నాలుగంతలు ఇస్తానన్నాడు. నిర్గమకాండము 22:1లో గొర్రెను దొంగిలించి చంపినవాడికో అమ్మినవాడికో పడే దండన అది. తన పన్ను వసూలుకు దొంగతనమనే పేరు అతడే పెట్టుకున్నాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట తర్వాతే. రక్షణను అతడు కొనుక్కోలేదు, యేసు అప్పటికే అతని ఇంట్లో అతిథిగా ఉన్నాడు. రక్షణ వచ్చిన గుర్తు మాత్రం లెక్కల పుస్తకంలో పడింది.

యెరికో దారిలో ఏం జరిగింది

నా పొరుగువాడెవడు అన్న ప్రశ్నకు యేసు ఒక కథతో జవాబిచ్చాడు. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్తున్న ఒకణ్ణి దొంగలు కొట్టి కొనప్రాణంతో వదిలేశారు. ఒక యాజకుడు, దేవాలయ సేవకుల గోత్రానికి చెందిన ఒక లేవీయుడు చూసి పక్కగా పోయారు. యూదులకు గిట్టని సమరయుల జాతివాడు ఒకడు ఆగి ఆదుకున్నాడు. యెరూషలేము నుంచి యెరికోకు సుమారు 27 కిలోమీటర్లు. ఆ దూరంలో దాదాపు 1000 మీటర్ల దిగుడు. సముద్రమట్టానికి ఎగువన ఉన్న కొండ ఊరి నుంచి సముద్రమట్టానికి బాగా దిగువన ఉన్న లోయకు, రాళ్ళ మధ్య ఎండిన దారి. దొంగలకు అనువైన చోటు.

యాజకుడు పక్కగా పోవడానికి ఒక సాకు చెబుతుంటారు. శవాన్ని ముట్టుకుంటే అపవిత్రుడవుతాడు, దేవాలయ సేవకు పనికిరాడు అని. ఆ నియమం లేవీయకాండము 21వ అధ్యాయంలో నిజంగానే ఉంది. కానీ అది ఇక్కడ నిలబడదు. అతడు ఆ దారిని దిగి వెళ్తున్నాడని లూకా రాశాడు, అంటే దేవాలయం వెనక ఉంది. ఆ నియమం అహరోను సంతతికి పెట్టింది, లేవీయుడికి అదీ లేదు. పైగా దారిలో దిక్కులేని శవం కనిపిస్తే ప్రధాన యాజకుడు కూడా అపవిత్రత లెక్కచేయకుండా పాతిపెట్టాలన్నది మిష్నాలో నమోదైన యూదుల సంప్రదాయం. పడి ఉన్నవాడు అసలు శవమే కాదు, కొనప్రాణంతో ఉన్నాడు. వాళ్ళను ఆపింది ధర్మశాస్త్రం కాదు. అందులో సాకు వెతుక్కున్నారు అనుకోవడమే ఎక్కువ న్యాయం. యాజకులను మాత్రమే తిట్టడానికి ఈ కథను వాడుకునే అలవాటూ మంచిది కాదు. వినేవాళ్ళలో యూదుల మీద ద్వేషం పెంచడానికి శతాబ్దాల పాటు దాన్ని అలాగే వాడారు.

సమరయుడు చేసినవి విడివిడిగా లెక్కపెట్టదగ్గవి. దగ్గరికి వెళ్ళాడు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. ద్రాక్షారసం గాయాన్ని కడుగుతుంది, నూనె మెత్తబరుస్తుంది, రెండూ ఆ కాలపు మందులే. తన వాహనం మీద ఎక్కించాడు కాబట్టి తాను నడిచాడు. పూటకూళ్ళ ఇంట్లో ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చాడు. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఇచ్చింది ఒక దేనారం, అంటే రెండు రోజుల కూలి. ఆ తర్వాత చెప్పిన మాట అసలైనది: ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తాను. చేతికి తోచింది ఇచ్చి తప్పుకోలేదు, కోలుకునేదాకా పూచీ పడ్డాడు. ప్రమాదంలో పడ్డవాణ్ణి ఆసుపత్రి గేటు దగ్గర దింపి వెళ్ళిపోవడానికీ, మళ్ళీ వచ్చి బిల్లు సంగతి కనుక్కోవడానికీ ఉన్న తేడా ఇది.

అతడు సమరయుడు కావడం వినేవాళ్ళకు ఎంత గుచ్చుకుందో ఊహించాలి. గెరిజీము కొండ మీద సమరయుల ఆలయాన్ని యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో కూల్చాడు. ఒక్క అధ్యాయం ముందే, లూకా 9లో, ఒక సమరయుల ఊరు యేసును రానివ్వలేదు. ఆ ఊరిమీద ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని శిష్యులు అడిగారు. అలాంటి మనిషిని యేసు కథలో సాయం పుచ్చుకునేవాడిగా పెట్టి ఉంటే, వినేవాళ్ళు తమ దయను చూసుకుని సంతోషించేవాళ్ళు. సాయం చేసేవాడిగా పెట్టాడు. ప్రశ్నను కూడా తిప్పేశాడు: ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడు? ధర్మశాస్త్రోపదేశకుడికి సమరయుడు అన్న మాట నోట రాలేదు. "అతనిమీద జాలి పడినవాడే" అన్నాడు.

ఒంగోలులో ఈ కొలత

తెలుగునేల మీద ఈ కొలత గట్టిగా పరీక్షకు వచ్చిన సందర్భం 1876–78 కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా ఆకలితో అల్లాడింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పటికి పదేళ్ళుగా ఉన్నాడు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాదిగలు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు కావడంతో, కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే పని మీద పర్యవేక్షకులుగా పెట్టాడు. తిండి పంచడం సులువు. పని, కొలత, కూలి, పడుకునే చోటు ఏర్పాటు చేయడం కష్టం, కానీ బీదవాడి తల నిలబెట్టేది అదే. లేవీయకాండంలో పరిగె నియమం చేసినదీ ఇదే.

అంతకంటే ముఖ్యమైనది ఆయన చేయకుండా ఆపినది. బాప్తిస్మం కావాలని జనం వేలల్లో అడుగుతుంటే, సాయం అందుతున్నంతకాలం ఇవ్వనన్నాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదు, సాయానికి షరతు ఉందన్న భ్రమా కలగకూడదు. సాయం ఆగిపోయాక కూడా అడిగినవాళ్ళకు ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె తెలుగు బాప్టిస్టులందరికీ కంఠతా వచ్చు. అంకెకు ముందున్న నెలల నిగ్రహం గురించి అంతగా చెప్పుకోం. పొరుగువాని ప్రేమకు గట్టి రుజువు ఆ నిగ్రహమే అని నా అభిప్రాయం, ఎందుకంటే పొరుగువాణ్ణి మన లెక్క పెంచే సాధనంగా వాడుకోవడానికి అంత అనుకూలమైన సమయం మరొకటి ఉండదు.

కొలత బయటివాళ్ళకే కాదు. మాదిగలను చేర్చుకుంటే అగ్రవర్ణాలవాళ్ళు రారన్న ఒత్తిడి మొదట్లోనే ఒంగోలులో వచ్చింది. క్లౌ దంపతులు వాళ్ళనే చేర్చుకున్నారు. అదంతా జరిగిన శతాబ్దంన్నర తర్వాత, పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో క్రైస్తవ అన్న మాట పక్కనే కులం పేరు అచ్చవుతోంది. ఒకే ఊళ్ళో ఒక పల్లెవాళ్ళ మందిరం ఒకటి, ఇంకో పల్లెవాళ్ళ మందిరం ఇంకొకటి. 1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో పౌలు ప్రభువు బల్ల గురించి అన్నదీ ఇటువంటిదే. కలిగినవాళ్ళు ముందే తిని తాగుతుంటే లేనివాళ్ళు ఆకలితో ఉండిపోతున్నారు, మీరు కూడి తినేది ప్రభువు రాత్రి భోజనమే కాదు అన్నాడు. ఆరాధన విధిలో లోపం ఉండి కాదు. పక్కన కూర్చోవలసినవాణ్ణి సిగ్గుపరచినందుకు.

ఎక్కడ తప్పుతుంది

"విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడలను" అన్న గలతీ 6:10 చివరి ముక్కను పట్టుకుని సాయాన్ని సంఘ సభ్యులకే పరిమితం చేస్తారు. అదే వచనం మొదటి భాగం "అందరియెడల" అంటుంది. క్రీ.శ. 362లో రోమా చక్రవర్తి జూలియన్, క్రైస్తవ్యాన్ని వ్యతిరేకించినవాడు, గలతీయ ప్రాంతపు ప్రధాన పూజారికి రాసిన ఉత్తరంలో వాపోయింది ఏమిటంటే, వీళ్ళు తమ బీదవాళ్ళనే కాక మన బీదవాళ్ళను కూడా పోషిస్తున్నారని. విరోధి నోట వచ్చిన సాక్ష్యం అది.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం. కొట్టే భర్త దగ్గరికే తిరిగి వెళ్ళమని, శత్రువును ప్రేమించమన్నాడు కదా అని, క్షమించి ఓర్చుకోమని భార్యకు చెప్పడం. ఇక్కడ పొరుగువారు ఇద్దరు. ప్రాణం ప్రమాదంలో ఉన్నవారి విషయంలో చూస్తూ నిలబడవద్దని లేవీ 19:16, తప్పు చేసినవాణ్ణి గద్దించమని 19:17 చెబుతున్నాయి. లూకా 17:3 క్షమాపణకు ముందు గద్దింపునూ మారుమనసునూ పెట్టింది. కాబట్టి సంఘ పెద్దలు చేయవలసిన వరుస ఇలా ఉండాలి: ముందు ఆమెకు సురక్షితమైన చోటు, అవసరమైతే వైద్యం, చట్టపరమైన సాయం, తర్వాత అతణ్ణి ఎదురుగా నిలదీయడం. రాజీ మాట వస్తే ఆ తర్వాతే, అదీ ఆమె కోరితేనే.

ప్రేమ పేరుతో తెలివి వదిలేయడం మూడోది. 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు పారిపోవచ్చా అని అడిగిన పాస్టర్లకు లూథర్ రాసిన జవాబు నేటికీ చదవదగ్గది. సంఘ కాపరులు, పాలకులు తమ బాధ్యత వదిలి వెళ్ళకూడదు. రోగిని చూసుకోవడానికి వేరేవాళ్ళున్నప్పుడు మిగతావాళ్ళు వెళ్ళవచ్చు, అది పాపం కాదు. మందులు వాడాలి, ఇల్లు పొగబెట్టి శుభ్రం చేసుకోవాలి, అవసరం లేని చోటికి వెళ్ళి ఇతరులకు అంటించకూడదు. పొరుగువాడికి నా అవసరం ఉంటే మాత్రం వెళ్ళాలి. దేవుడు కాపాడతాడంటూ జాగ్రత్తలు మానేసేవాడు దేవుణ్ణి శోధిస్తున్నాడన్నాడు. 2020, 2021లో కూటాలు పెట్టాలా వద్దా అని వాదించుకున్న సంఘాలకు ఇందులో తయారైన జవాబు ఉంది. ఇదే లూథర్ 1543లో యూదుల సమాజమందిరాలు తగలబెట్టమని రాశాడు. తాను నేర్పిన కొలతకు తానే తప్పాడు. బోధ ఎంత సరైనదైనా బోధకుణ్ణి కొలతకు అతీతుణ్ణి చేయదు.

ఇక సంఘం డబ్బు సంగతి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళను చిన్నచూపు చూశారని సణుగు వచ్చింది. అపొస్తలులు ఆ సణుగును అణచలేదు. ఏడుగుర్ని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎవరి నుంచి వచ్చిందో పంపకం వాళ్ళ చేతికే వెళ్ళిందని దీన్నిబట్టి అనుకోవచ్చు. పౌలు యెరూషలేము బీదల కోసం చందా తీసుకెళ్ళేటప్పుడు ఒంటరిగా మోయలేదు. ఎవరూ నింద వేయకుండా సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21). విధవరాళ్ళ జాబితాకు అరవై ఏళ్ళు నిండాలన్న నియమం, పోషించగల బంధువులున్నవాళ్ళను బంధువులే చూసుకోవాలన్న నియమం 1 తిమోతి 5లో ఉన్నాయి, నిజంగా దిక్కులేనివాళ్ళకు సంఘం డబ్బు మిగలడానికి.

వీటిని ఈనాటి సంఘ బడ్జెట్ సమావేశంలో అమలు చేయడం కష్టమేమీ కాదు. భవన నిధి లెక్క తీయకముందు వాచ్‌మన్, ఊడ్చే ఆమె, డ్రైవరు జీతాలు ఎన్ని నెలలవి బాకీ ఉన్నాయో చదవాలి. సహాయ నిధి పంచే కమిటీలో ఆ నిధి మీద ఆధారపడే కుటుంబాల నుంచి ఇద్దరైనా ఉండాలి. ఇచ్చినప్పుడు ఫొటో తీయకూడదు, మత్తయి 6:3 ఎడమచేతికి కూడా తెలియనివ్వవద్దంది. అయితే ఆ వచనాన్ని అడ్డం పెట్టుకుని లెక్కలు దాచకూడదు. ఎవరికిచ్చామో గోప్యంగా ఉండాలి, ఎంత వచ్చింది ఎంత పోయింది అన్నది ఏటా సంఘం ముందు చదవాలి. పెద్ద కానుక ఇచ్చేవాడి మీద ఊళ్ళో ఎవరికైనా రావలసిన బాకీ ఉందని తెలిస్తే, రసీదు రాయకముందు అతణ్ణి ఆ ఇంటికి పంపాలి.